వార్షిక నివేదిక: ఈ ఏడాది మన సంఘం, హావోడ్ పొగగొట్టం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ వేడుకలు ఈసారీ వేల్స్‌లోని మన స్వాన్సీలో కళకళలాడాయి. పిల్లల తెలుగు తరగతి ఆగకుండా నడిచింది. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో మీ ముందుంచుతాం. ఇక్కడ ఎక్కువ చోటు హావోడ్ రాగి కర్మాగారం పొగగొట్టానికి ఇస్తున్నాం. ఈ ఏడాది కొత్తగా తలకెత్తుకున్న పని అదే.

స్వాన్సీలోని తవే నది ఒడ్డున 1810లో జాన్ వివియన్ హావోడ్‌ను స్థాపించారు. తర్వాత పక్కనే మోర్వా కర్మాగారం వెలసింది. రాగి ఖనిజాన్ని కరిగించడానికి దాని బరువుకు మించి బొగ్గు పట్టేది. అందుకని బొగ్గున్న చోటికే ఖనిజాన్ని కార్న్‌వాల్, క్యూబా, చిలీల నుంచి ఓడల్లో తెచ్చేవారు. బ్రిటన్ రాగిని ఈస్టిండియా కంపెనీ మన దేశంలో పెద్ద ఎత్తున అమ్మింది. కాబట్టి ఇది మనకు సంబంధం లేని ఊరి కథేమీ కాదు. రెండు కర్మాగారాలూ 1924లో ఒకటై, 1980లో మూతపడ్డాయి.

పిల్లలతో అక్కడికి నడక పెట్టుకున్నాం. రాగి రేకులు సాగదీసే రోలర్లను తిప్పిన 1910 నాటి మస్‌గ్రేవ్ ఆవిరి ఇంజిన్ గురించి, పక్కనే ఉన్న ఇటుకల పొగగొట్టం గురించి చెప్పాం. వాళ్లకు బాగా నచ్చింది మాత్రం పాత గోడల్లోని నల్లటి దిమ్మెలు. కొలిమిలో మిగిలిన చిట్టాన్ని అచ్చుల్లో పోసి చేసినవవి. చేత్తో తడిమితే గాజులా నున్నగా తగులుతాయి.

పొగ సంగతి దాచి వైభవం ఒక్కటే చెప్పడం సరికాదని కార్యవర్గం అభిప్రాయం. ఆ గంధకపు పొగకు నది అవతలి కిల్వే కొండ బోడిగా మారింది. పంటలు పాడవుతున్నాయని 1833లో రైతులు వివియన్ల మీద కోర్టుకెక్కారు, ఓడిపోయారు. 1960లలో విశ్వవిద్యాలయం, స్థానికులు, బడి పిల్లలు కలిసి మొక్కలు నాటాకే లోయలో పచ్చదనం తిరిగొచ్చింది. మన పిల్లలకు ఈ రెండో కథ తప్పకుండా తెలియాలి.

ఒక ముఖ్య విన్నపం. ఆ పొగగొట్టం రక్షిత కట్టడం. ఇటుకల సందుల్లో మొక్క కనిపించినా పీకకండి, వేరుతో పాటు సున్నం ఊడొస్తుంది. ఫోటో తీసి మాకు పంపితే సంబంధిత అధికారులకు తెలియజేస్తాం.

వచ్చే ఏడాది నడకను తెలుగులో నడిపించడానికి వాలంటీర్లు కావాలి. ఆసక్తి ఉన్నవారు ఉగాదిలోపు కార్యదర్శికి పేరివ్వండి.

ఇట్లు,
కార్యవర్గం