బ్రేకు పైపు పనిలో తోడు నిలిచిన ముగ్గురికీ కృతజ్ఞతలు

నాన్నగారి పాత కారు మళ్ళీ రోడ్డెక్కింది. వెనక ఎడమ చక్రానికి వెళ్ళే బ్రేకు పైపు పూర్తిగా కొత్తది. దాని రెండు చివర్లనూ ఫ్లేరింగ్ టూల్‌తో (పైపు చివరను బిగింపుకు తగినట్టు మలిచే పనిముట్టు) ఇంటి దగ్గరే మలిచాను. అలా మలిచిన చివరనే ఫ్లేర్ అంటారు. ఆ పని నా చేతుల మీదుగా జరిగింది కానీ, జరిపించినవారు ముగ్గురు. వాళ్ళకు విడివిడిగా చెప్పాను. అయినా తనివి తీరక నలుగురి ముందూ చెబుతున్నాను.

మొదటి నమస్కారం బాబాయి గారికి. ఆయన నాన్నగారి స్నేహితులు, ఉద్యోగ జీవితమంతా వర్క్‌షాపులో గడిపి రిటైరైనవారు. బ్రేకు పెడల్ మెత్తబడిందనీ, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతోందనీ ఫోనులో చెప్పగానే ఆయన అన్న మొదటి మాట: "బండి కదపకమ్మా, నేనే వస్తున్నాను." వచ్చి, జాకీ ఎత్తించి, కింద స్టాండ్లు పెట్టించి, వాటి మీద కారు గట్టిగా నిలబడిందని తానే ఊపి చూసుకున్నాక గానీ నన్ను కిందికి వెళ్ళనివ్వలేదు. పైపును బాడీకి పట్టి ఉంచే క్లిప్పు వెనక బురద చేరి, తడి ఆరక, ఉక్కు పైపు తుప్పు పట్టి పొరలు లేచింది. వేలితో తడిమితే ఆయిల్ అంటింది. బ్రేకుల్లో ఆయిల్ వెళ్ళే రెండు వేర్వేరు దారులు ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది కొంత ఆపుతుందని, ఆ ధైర్యంతోనే చాలామంది ఇంకొన్నాళ్ళు నడిపేస్తారని, అదే ప్రమాదమని ఆయన చెప్పారు.

పాడైన ముక్క వరకు కోసి, మధ్యలో బిగింపు జాయింటు వేస్తే సరిపోతుందని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు. బాబాయి గారు మాత్రం ఒక్క మాటతో కొట్టిపారేశారు. నీళ్ళ పైపులకు, గ్యాసు పైపులకు వాడే ఆ బిగింపులు బ్రేకుల ఒత్తిడికి నిలిచేవి కావు. టైరులో ఉండే గాలి ఒత్తిడి దాదాపు 32 పి.ఎస్.ఐ. (ఒత్తిడిని కొలిచే కొలమానం). పెడల్ గట్టిగా తొక్కితే బ్రేకు పైపులో ఒత్తిడి 1000 పి.ఎస్.ఐ. దాటిపోతుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన విన్న తరువాత నాకు ఇంకో ఆలోచన రాలేదు. ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా పైపు మార్చడమే.

రెండో నమస్కారం లేత్ పని చేసే అన్నయ్యకు. ఫ్లేరింగ్ టూల్ ఆయనదే. పని చేసుకునేవారు తమ పనిముట్టును పరాయి చేతికి ఇవ్వడం ఎంత పెద్ద విషయమో ఆ రంగంలో ఉన్నవారికి తెలుసు. పైపును బిగించి పట్టే బద్దలు, శంకువును మరతో కిందికి దించే యోక్, అంచును ముడిచే చిన్న డైలు (అచ్చులు), పైపు కట్టరు అన్నీ పెట్టెలో తుడిచి, సర్ది ఇచ్చారు. అడగకుండానే సాధన కోసం కొంత పైపు ముక్క కూడా ఇచ్చారు. పాత పైపు చివర చూడనిదే కొత్త పైపు కొనవద్దన్నది ఆయన సలహా. చివర బయటికి విచ్చుకుని గరాటులా ఉంటే అది డబుల్ ఫ్లేర్. చివరకు దగ్గరలో ఉబ్బి గుండ్రంగా ఉంటే బబుల్ ఫ్లేర్. ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు, ఎంత బిగించినా కారుతుంది. మాది డబుల్ ఫ్లేర్, 4.75 మిల్లీమీటర్ల పైపు. ఉక్కుకు బదులు రాగి-నికెల్ మిశ్రమం పైపు తీసుకోమన్నదీ ఆయనే. అది తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది, ఫ్లేర్ చేసేటప్పుడు అంచు పగిలే భయం తక్కువ. అచ్చమైన రాగి మాత్రం వద్దన్నారు. కారు కుదుపులకు అది క్రమంగా గట్టిపడి చిట్లుతుంది.

ఇక ఫ్లేర్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా ఇక్కడే ఉంది. పైపును రంపంతో కాకుండా కట్టరుతో కోయాలి, కొంచెం బిగించి ఒక చుట్టు, మళ్ళీ కొంచెం బిగించి ఇంకో చుట్టు. తొందరపడితే నోరు లోపలికి నొక్కుకుపోతుంది. కోసిన అంచును ఆకురాయితో చదును చేసి, లోపలి గరుకు గీకి, పొడి ఊదేయాలి. ఆ పొడిలో ఒక్క రేణువు లోపల మిగిలినా రేపు అది చక్రం దగ్గరి బ్రేకు సిలిండర్‌లోని రబ్బరు సీలును గీస్తుంది. నట్టు ముందే ఎక్కించాలి. ఫ్లేర్ అయ్యాక ఇక ఎక్కదు. తరువాత పైపును బద్దల మధ్య పెట్టి, డై భుజం (దాని మెట్టు లాంటి అంచు) ఎంత మందం ఉందో సరిగ్గా అంతే పైకి తీసి బిగించాలి. డై మీద, శంకువు మీద ఒక చుక్క బ్రేక్ ఆయిల్ రాయాలి. యోక్ తిప్పుతుంటే ముందు అంచు లోపలికి ముడుచుకుంటుంది. డై తీసేసి, శంకువును నేరుగా దింపితే ఆ ముడుచుకున్న భాగం తన మీదే తాను పడుకుంటుంది. చొక్కా అంచు మడిచి కుట్టినట్టు అక్కడ లోహం రెండు పొరలవుతుంది. ఒంటి పొర ఫ్లేర్ బ్రేకుల్లో ఎందుకు పనికిరాదో అప్పుడు కళ్ళతో చూశాను: ఒత్తిడికి చీలేది ఆ పలుచని అంచే.

బాబాయి గారి సాయంలో నేను ఎన్నటికీ మరిచిపోనిది ఇక్కడే జరిగింది. ఆయన తలచుకుంటే ఆ రెండు చివర్లూ టీ తాగేంతలో చేసేయగలరు. కానీ టూలు నా చేతిలోంచి తీసుకోలేదు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, సాధన ముక్కలను ఒక్కొక్కటే భూతద్దం కింద తిప్పి చూశారు. అంచు ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క సన్నం అయితే, మారు మాట లేకుండా పక్కన పెట్టేవారు. వరుసగా వచ్చినవన్నీ నాలుగు వైపులా సమంగా, పగులు గీత లేకుండా ఉన్నాయని నమ్మాకనే "ఇక అసలు పైపు మీద చెయ్యమ్మా" అన్నారు. చేసి పెట్టడం సులువు. ఎదుటివారు సరిగా చేసేదాకా ఓపికగా కూర్చోవడం పెద్ద సాయం అని నేను నమ్ముతాను.

పైపు వంచడం, పాత దారిలోనే నడిపి క్లిప్పుల్లో కూర్చోబెట్టడం చకచకా అయిపోయాయి. నట్లకు నట్టును దాదాపు చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా వాడాను. మామూలు పానా అయితే మెత్తటి నట్టు మూలలు అరిగిపోయేవి.

మూడో నమస్కారం వదినకు. తన పని ముగించుకుని వచ్చి, బ్లీడింగ్ (పైపులో చేరిన గాలిని బయటికి పంపడం) అయ్యేంతవరకు డ్రైవరు సీటులో కూర్చున్నారు. చూసేవాళ్ళకు పెడల్ తొక్కడం చిన్న పనిలా కనిపిస్తుంది. చక్రం దగ్గర గాలిని బయటికి వదిలే నిపిల్ తెరిచి ఉన్నప్పుడు పెడల్ వదిలితే గాలి వెనక్కి పీల్చుకుంటుంది, పడ్డ కష్టమంతా వృథా. "తొక్కండి వదినా" అంటే తొక్కి, "పట్టుకున్నాను" అని గట్టిగా చెప్పి, నేను నిపిల్ మూసి "వదలండి" అనేదాకా ఆవిడ కాలు కదల్లేదు. ఒక్కసారి కూడా తడబడలేదు. నాన్నగారు డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ నిలబడ్డారు. నిపిల్‌కు తొడిగిన పారదర్శకమైన గొట్టంలో బుడగలు చిన్నవై, ఆగి, చివరికి ఆయిల్ ఒక్కటే నిండుగా రావడం నలుగురం చూశాం. రంగు మీద పడిన చుక్కను వెంటనే నీళ్ళతో కడిగిందీ వదినే. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. మా కారుకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు కాబట్టి ఈ పద్ధతి చాలింది. ఉన్న కార్లలో కొన్నింటికి బ్లీడింగ్‌కు కారు కంప్యూటరుకు తగిలించే స్కానర్ కూడా కావాలి, మాన్యువల్ చూసుకోండి.

తరువాత పెడల్‌ను బలంగా నొక్కి పట్టి, రెండు నట్ల చుట్టూ పొడి కాగితం తిప్పాం. తడి లేదు. ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి ఆపి చూశాం. కొన్నాళ్ళకు బాబాయి గారు తనంతట తానే వచ్చి, మళ్ళీ కాగితం పెట్టి చూసి వెళ్ళారు. ఆ రాకకు వేరుగా మరో నమస్కారం.

టూలు శుభ్రం చేసి అన్నయ్యకు చేర్చాను. రాగి-నికెల్ పైపు కొంత మిగిలింది. మన వాళ్ళలో ఎవరికైనా సాధనకు కావాలంటే అడగండి, ఇస్తాను. దగ్గర కూర్చుని చూడమన్నా తప్పకుండా వస్తాను.