నాలుక చేపలన్నిటినీ ఒకే గడిలో రాయించవద్దు: ఒడిశా మత్స్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా రాష్ట్ర మత్స్య, పశుసంపద అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

గంజాం జిల్లా గోపాల్‌పూర్ ఒడ్డున తెలుగు మత్స్యకారుల పేటలో పుట్టి, బరంపురంలో జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఒడ్డుకు వచ్చే నాలుక చేపలను, అంటే రెండు కళ్ళూ ఒకే వైపున ఉండే బల్లపరుపు చేపలను, జాతి వారీగా లెక్క రాయించాలని, వాటి రెక్క ముక్కలను జన్యు పరీక్షకు భద్రపరచాలని, ఈ పనిని ఆంధ్ర మత్స్య శాఖతో కలిసి సరిహద్దుకు ఇరువైపులా ఒకే కాలంలో చేయించాలని నా విన్నపం.

మా ఒడ్డున వేలం ముగిశాక లెక్క రాసుకునేవారు, సన్నగా నాలుకలా ఉండే సైనోగ్లాసస్ రకాలనూ, వెడల్పాటి ఒళ్ళు, పెద్ద నోరు, వాడి పళ్ళు ఉండే సెట్టోడెస్ ఎరుమీనీ కలిపి ‘సోల్’ అని ఒకే గడిలో వేయడం నేను ఎన్నోసార్లు చూశాను. తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే మా ఆడవాళ్ళెవరూ ఈ రెండింటికీ ఒకే ధర చెప్పరు. కంటికి కనిపించే తేడానే లెక్కలోకి రానప్పుడు, కంటికి కనిపించని తేడా సంగతి చెప్పనక్కరలేదు.

అటువంటి తేడా ఉంటుందనడానికి బాల్టిక్ సముద్రమే సాక్ష్యం. అక్కడ తరతరాలుగా ఫ్లౌండర్ అన్న ఒకే పేరుతో పట్టి అమ్మిన బల్లపరుపు చేపలో రెండు జాతులున్నాయని జన్యు పరీక్షలో తేలి, 2018లో రెండోదానికి ప్లాటిక్తిస్ సోలెమ్డాలి అని పేరు పెట్టారు. ఒకటి లోతు నీటిలో తేలే గుడ్లు పెడుతుంది. రెండోది, ఉప్పదనం తక్కువైన తీరపు నీటిలో గుడ్డు తేలదు కనుక, అడుగునే పెడుతుంది. పక్కపక్కన పెట్టి చూసినా పైకి తేడా తెలియదు. వర్షాకాలంలో నదుల మంచినీటితో ఉప్పదనం తగ్గే మా ఉత్తర బంగాళాఖాతంలోనూ ఇలాగే జరిగిందని నేను అనడం లేదు. వెతకకుండా లేదనుకోవడం మాత్రం తగదు.

ఇంతకన్నా ఆలోచించవలసింది ఉత్తర సముద్రపు ప్లేస్ అనే బల్లపరుపు చేప విషయం. దశాబ్దాల క్రితం వయసు లెక్కించడానికి తీసి దాచిన ఆ చేపల చెవి రాళ్ళకు (చెవి లోపల పెరిగే గట్టి ముక్కలకు) అంటుకున్న కణజాలపు డీఎన్ఏను పరిశీలించి, 2005లో పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. అక్కడి చేపల సంఖ్య కోట్లలో ఉన్నా, తరువాతి తరానికి నిజంగా తమ జన్యువులను అందిస్తున్న వాటి లెక్క ఉత్తర సముద్రంలో సుమారు 20,000, ఐస్‌లాండ్ దగ్గర సుమారు 2,000 మాత్రమే. ఓటరు జాబితాలో ఊరంతా ఉన్నా గ్రామసభకు వచ్చేది కొద్దిమందే అయినట్టన్నమాట. వేట విపరీతమైన కాలంలో దగ్గరి బంధువుల మధ్యే జతకట్టిన జాడలు కూడా వాటిలో కనిపించాయి. వల నిండుతున్నంత మాత్రాన మంద క్షేమంగా ఉన్నట్టు కాదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. ఆ చెవి రాళ్ళను ఎవరో ఓపికగా దాచి ఉంచబట్టే అది సాధ్యమయింది. మన దగ్గర ఈనాడు దాచకపోతే రేపటి పరిశోధకుడికి పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక సరిహద్దు మాట. నాలుక చేప పిల్ల మొదట అన్ని చేపల్లాగే నిలువుగా, రెండు వైపులా కళ్ళతో నీటిలో తేలుతూ కొట్టుకుపోతుంది. తరువాతే ఒక కన్ను అవతలి వైపుకు జరిగి, పిల్ల అడుగుకు చేరుతుంది. మా తీరపు ప్రవాహం వర్షాకాలానికి ముందు నెలల్లో ఉత్తరానికి, అక్టోబరు నుంచి దక్షిణానికి పోతుంది. కాబట్టి గుడ్లు ఏ నెలలో పెట్టాయన్న దాన్ని బట్టి ఇటు మా సోనాపురం దగ్గర పుట్టిన పిల్ల అటు ఆంధ్రలోని కవిటి వైపు పెరగవచ్చు, అటుది ఇటూ రావచ్చు. ఒకే నీటికి ఇక్కడ 1982 నాటి ఒడిశా సముద్ర వేట చట్టం, అక్కడ 1994 నాటి ఆంధ్ర చట్టం. ఒక హెచ్చరిక కూడా చేయాలి: తరానికి కొద్ది చేపలు అటూ ఇటూ కలిసినా జన్యువులలో తేడా చెరిగిపోతుంది. అందుచేత తేడా కనిపించలేదన్న నివేదిక వస్తే, ఒకచోట ఖాళీ చేసిన మందను మరోచోటి మంద వెంటనే పూరిస్తుందని మీ అధికారులు అర్థం చెప్పుకోకూడదు.

రుషికుల్య నదీముఖం దగ్గర గుడ్లు పెట్టే తాబేళ్ళ కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట ఆంక్షలు పాటించే మావాళ్ళు, తమ వలలో పడే చేప మీద కూడా ఆపాటి శ్రద్ధ ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు. కావలసింది గోరంత రెక్క ముక్క, గాఢమైన ఆల్కహాల్ పోసిన చిన్న సీసా, దాని మీద తేదీ, పట్టిన చోటు, జాతి పేరు. బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్ర విభాగం ఉంది. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. తాబేళ్ళ ఆంక్షలు కాక విడిగా ఉండే వేసవి వేట నిషేధం ఏటా జూన్ 14తో ముగుస్తుంది. ఆ తరువాత తిరిగివచ్చే మొదటి బోట్ల నుంచే ఈ పని మొదలుపెట్టించండి; సీసాలు పంపితే ముక్కలు కోసి, వివరాలు రాసి ఇవ్వడం మా పేటలో చదువుకున్న పిల్లలకు నేను నేర్పుతాను.

ఇట్లు,
గోపాల్‌పూర్ మత్స్యకారుల పేట నుంచి ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు