అవిలాల సైటు ప్లాను గురించి

చి॥సౌ॥ రేవతికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అమ్మ మోకాలు అట్లనే ఉండాది, మేడమెట్లు ఎక్కొద్దంటే వినదు. చిన్నోడి దగ్గు తగ్గిందా? బెంగళూరు గాలికి పొద్దున పూట చెవులకు గుడ్డ కట్టమని అమ్మ రాయమనింది.

ఉగాదికి మాట్లాడినప్పుడు నువ్వే అన్నావు కదా, "సైటు ప్లాను గీసుకునేదానికి సులువైన సాఫ్ట్‌వేర్ ఏదన్నా చూడు నాన్నా" అని. ఆ పని మీదనే రాస్తా ఉండా, వేరే ఏమీ లేదు. ఫోన్లో చెప్దామంటే నువ్వు ఎత్తేది లేదు. ఎత్తినా మీటింగంటావు. కాయితమైతే తీరిగ్గా చదువుకుంటావని.

బాబుతో కూర్చోని నాలుగు రకాలు చూసినా. ఆటోక్యాడ్ నాకు కొత్త కాదు, సర్వీసు చివర్లో దాని మీదే గీసినా. 1982 నుంచి ఉండే సరుకు, వంక పెట్టేదానికి లేదు. కానీ ఇప్పుడు దాన్ని కొనుక్కునే లెక్కే లేదు, ఏడాదికింత అని బాడుగ కట్టాల్సిందే. ఒక్క ఇంటి కోసం అంత దుడ్డు దండగ. స్కెచప్ అని ఇంకొకటి ఉండాది. ఇంటర్నెట్‌లోనే తెరుచుకుంటుంది, ఉచితం. ఇల్లంతా బొమ్మరిల్లు మాదిరి లేపి చూపిస్తుంది. బాబు దాంట్లో కారు కూడా నిలబెట్టినాడు, కాంపౌండు గోడ మాత్రం మర్చిపోయినాడు. దాన్ని 2006లో గూగుల్ వాళ్ళు కొని, 2012లో ట్రింబుల్ అనే కంపెనీకి అమ్మేసినారంట. కంపెనీలకు ఇయ్యాళ కొనడం రేపు అమ్మడం మామూలే. సైటు విషయం అట్ల కాదు కదా పాపా.

అన్నట్టు, సైటు పక్కింటి మునెమ్మ ఒక మాట చెప్పింది. పోయిన వారం ఎవరో ఇద్దరు బండి మీద వచ్చి మన సైటులో టేపు పట్టినారంట. అడిగితే "మేడం చెప్పింది" అన్నారంట. ప్లాను కోసమే పంపించింటావులే అని నేననుకున్నా. ప్లాను కోసమైతే నన్ను అడిగినా చాలు, కొలతలన్నీ నా దగ్గరే ఉండాయి.

స్వీట్ హోమ్ త్రీడీ మీ అమ్మకు బాగా నచ్చింది. అదీ ఉచితమే. గోడలు గీసి, తలుపులు పెట్టి, మంచాలు, బీరువాలు వేసుకోవచ్చు. కాయితం మీద చేత్తో గీసిన బొమ్మను స్కాన్ చేసి కింద పరిచి, ఒక గోడ పొడవు ఎంతో చెప్తే మిగతా స్కేలు అదే పట్టుకుంటుంది. అమ్మ పూజగదిని ఈశాన్యం నుంచి కదిలించనీయడం లేదు, వంటింట్లో గ్రైండరుకు కూడా చోటు చూపించింది. ఇంటి లోపలి ముచ్చట్లకు అది చాలు. సైటు హద్దులు, రోడ్డు వెడల్పు, ఇంటి చుట్టూ వదిలే జాగా, బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ఇవన్నీ కొలత తప్పకుండా చూపించాలంటే మాత్రం నేను లిబ్రెక్యాడ్ అంటా. రూపాయి కట్టక్కర్లేదు, పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. కింద గడిలో కొలత కొడితే గీత పడుతుంది, అంతే. లేయర్లు పెట్టుకోవచ్చు. మేము ట్రేసింగ్ కాయితాలు ఒకదాని మీద ఒకటి పరిచేవాళ్ళమే, అట్ల. హద్దులొకటి, ఇల్లొకటి, నీళ్ళ పనులొకటి. ఫైలు డీఎక్స్‌ఎఫ్ అనే రకంగా దాస్తుంది, దాన్ని ఆటోక్యాడ్ తెరుస్తుంది. పర్మిషన్‌కు ఆన్‌లైన్లో పెట్టేది ఎటూ లైసెన్సు ఉండే ఇంజనీరే. మనం సరిగ్గా గీసిస్తే ఆయన మళ్ళీ మొదలుపెట్టే పని తప్పుతుంది.

ఒకటి గుర్తుపెట్టుకో. కంప్యూటర్లో గీసేటప్పుడు స్కేలు గురించి ఆలోచించొద్దు. 50 అడుగుల గీతను 50 అడుగులుగానే గీయి. ప్రింటు తీసేటప్పుడు ఒకటికి వంద అని పెడితే ఆ 50 అడుగులు 15 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది, ఏ4 కాయితంలో సుఖంగా పడుతుంది. యూనిట్లు అడుగులని ముందే పెట్టుకో. లేకుంటే మీ మామగారి లెక్క అవుతుంది. నిశ్చితార్థం నాడు మన సైటు 50 అంకణాలంటే, "కాదు, 25" అని నెల్లూరు లెక్కలో పట్టుబట్టినాడు కదా. వాళ్ళకు అంకణం 72 చదరపు అడుగులు, మనకు 36. సైటు అదే, 1800 అడుగులే. ఆ పూట కాఫీలు చల్లారిపోయినాయి.

ఇప్పుడు అసలు సంగతి. మన దస్తావేజులో తూర్పు పడమర 36, ఉత్తర దక్షిణం 50 అని ఉండాది. నాలుగు పక్కలా టేపు వేస్తే అచ్చం అంతే వస్తుంది. అయినా నాలుగు పక్కలు సరిపోతే సైటు మూలమట్టంగా ఉండాదని నమ్మొద్దు. పుత్తూరులో పెద్దనాన్న ఇల్లు తెలుసు కదా. ముగ్గు పోసే రోజు నేను లీవు పెట్టి పోయినా. మేస్త్రీ నాలుగు మేకులు కొట్టి, దారం కట్టి, నాలుగు పక్కలూ కొలిచి "సరిపోయింది సామీ" అన్నాడు. మూల నుంచి మూలకు కూడా పట్టమన్నా. పోనీ ఒక మూలలో ఇటు మూడడుగులు, అటు నాలుగడుగులు గుర్తుపెట్టి అడ్డంగా ఐదు వస్తుందా చూడమన్నా. పెద్దనాన్నకు కోపమొచ్చింది. "నువ్వు ఆఫీసులో కాయితం మీద గీసేవాడివి, ఇది నేలరా" అన్నాడు. పూజారి ముహూర్తం దాటిపోతుందని తొందర పెట్టినాడు. పునాది తవ్వేసినారు. గోడలు లేచినాయి, స్లాబు పడింది, ఎవరికీ ఏమీ తెలియలేదు. కడప బండలు పరిచేటప్పుడు బయటపడింది. వాకిలి దగ్గర నుంచి వరసలు చక్కగా వచ్చినాయి, పడమటి గోడ దగ్గరికొచ్చేసరికి కడవరస బండ ఒక కొసన జానెడు, ఇంకో కొసన రెండు వేళ్ళు. బండ కోసేవాడు నవ్వినాడు, పెద్దనాన్న వాణ్ణి ఆ పూటకే పంపించేసినాడు. ఆ గదిలో బీరువా ఈ రోజుకీ గోడకు ఆనదు. నీ గాజు ఆ సందులో పడి నువ్వు ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకున్నావు. పెద్దనాన్న మాత్రం వచ్చినోళ్ళందరికీ వాస్తు కోసం అట్ల కట్టించినానని చెప్పుకున్నాడు, పోయేదాకా.

అందుకే మన సైటుకు రెండు వైపులా మూల నుంచి మూలకు పట్టినా. మూలమట్టంగా ఉంటే రెండూ 61 అడుగుల 7 అంగుళాలు రావాల. ఒకటి 62 అడుగుల 9 అంగుళాలు, ఇంకొకటి 60 అడుగుల ఐదున్నర వచ్చింది. అంటే సైటు ఒరిగి ఉండాది. విస్తీర్ణంలో ఒకటిన్నర చదరపు అడుగు కూడా పోలేదు, దుడ్డు లెక్కలో నష్టం లేదు. కానీ 50 అడుగుల పొడవు మీద దగ్గర దగ్గర రెండడుగులు పక్కకు జరిగింది. నేరుగా ఇల్లు పెడితే ఒక పక్క వదిలే జాగా ముందర ఎక్కువ, వెనక తక్కువ. లిబ్రెక్యాడ్‌లో దీన్ని గీయడం సులువు. 36 గీత గీసి, ఒక కొస నుంచి 50తో వృత్తం, ఇంకో కొస నుంచి మూల కొలతతో వృత్తం వేయి. రెండూ కలిసిన చోట మూల. సర్వీసంతా కాంపస్‌తో నేను చేసింది అదే.

కొనేవాళ్ళయినా ఈ కొలతే అడుగుతారు. ఏదో మాటకు చెప్తా ఉండా. చిత్తూరత్త పెళ్ళిలో కనబడి, "రేవతి హోసూరు రోడ్డులో ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చిందంట కదన్నా" అనింది. నాకు తెలియదన్నా. ఆమె మాటల్లో సగం గాలి, నీకూ తెలుసు. సైటు నీ పేరు మీదిది, నీ ఇష్టం. కానీ ఫ్లాటు కొంటే కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనం వాడుకునే జాగా, ఎంతో రాతలో తీసుకో, మెట్లూ వరండాలూ కలిపి సూపర్ బిల్ట్‌అప్ అని పెద్ద అంకె చూపిస్తే మోసపోవద్దు. ఈఎంఐ జీతంలో మూడో వంతు దాటనీయొద్దు. అల్లుడుగారికి చెప్పే పద్ధతిలో చెప్పు, నా మాటగా వద్దు.

ఉత్తరం గుర్తు కొండ వైపు ఊరికే పెట్టేయలేదులే, దిక్సూచి పెట్టి చూసినా. బోరుకు సెప్టిక్ ట్యాంకు ఎంత దూరముంటే అంత మంచిదని చెరో కొసన పెట్టినా. మునెమ్మ వాళ్ళ కొబ్బరిచెట్టు మన హద్దు మీదికి వాలుతుంది, దాన్నీ చూపించినా. ఫైలు నీ మెయిలుకు పంపినా. అమ్మ వేరే కాయితంలో కందిపొడి, కరివేపాకు పొడి కట్టి పెట్టింది, బాబు శనివారం వస్తా తెస్తాడు. కందిపొడి ముందు తినండి.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఎనిమిది లోపలైతే నేను గోవిందరాజస్వామి గుడికి పోయుంటా, అమ్మ ఎత్తుతుంది. ఫ్లాటు సంగతి ఏదన్నా ఉంటే ఆమెకే చెప్పు, ఆమె నాకు చెప్తుంది.

ఇట్లు,
నాన్న