చివరి గదిలో కాపురం

నల్లకుంట, హైదరాబాద్
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

జవాబు బాగా ఆలస్యమైంది, మన్నించు. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను: అమ్మకు మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది, చిన్నదానికి పరీక్షలయ్యాయి, మా వీధి మళ్లీ తవ్వారు. ఇక అసలు విషయానికి వస్తాను, నిన్నటి నుంచి నీకు చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది.

మా పై అంతస్తులో జంతుశాస్త్రం మాస్టారు ఉంటారు కదా. నిన్న ఆయన బీరువా సర్దడానికి సాయం వెళ్తే, మెత్తటి గుడ్డలో చుట్టిన వస్తువొకటి నా చేతిలో పెట్టారు. నాటిలస్ అనే సముద్రప్రాణి గుల్ల! నిలువునా రెండుగా కోసినది. బయట తెలుపు మీద ఇటుకరంగు చారలు. లోపల చూశాక నాకు మాట రాలేదు. ముత్యపు మెరుపుతో వంపు తిరిగిన గోడలు, నడుమ గింజంత గదితో మొదలై ఒకదాన్ని మించి ఒకటి పెద్దవవుతూ గదులు. ఎదిగిన ప్రాణికి ముప్పై వరకూ, ఒక్కోసారి అంతకు మించీ ఉంటాయట. కాపురం మాత్రం ఎప్పుడూ చివరి గదిలోనే. ఒళ్లు పెరిగేకొద్దీ ముందుకు జరిగి వెనక గోడ కట్టేస్తుంది. నత్త అనుకునేవు, కాదు. ఇది ఆక్టోపస్‌కు చుట్టం, తొంభై దాకా చేతులున్నాయి, ఒక్కదానికీ పీల్చే బొడిపెలు లేవు.

విశాఖలో మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామి చూడటానికి తీసుకెళ్లినప్పుడు, జలాంతర్గామి ట్యాంకులు ఎలా పనిచేస్తాయో బీచ్ ఇసుక మీద గీసి నువ్వు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ఇదీ అలాగే నీళ్లు నింపుకుని మునిగి, బయటికి తోసి తేలుతుందా అని అడిగాను. మాస్టారు తల అడ్డంగా ఊపారు. గదులన్నిటి గుండా ఒక సన్నని గొట్టం పోతుంది. కొత్త గదిలో ముందు ద్రవమే ఉంటుంది. గొట్టంలోని కణజాలం అందులోని ఉప్పును లాగేసుకుంటే దాని వెంట నీరూ వెళ్లిపోతుంది, ఖాళీ అయిన చోటికి వాయువు నెమ్మదిగా చేరుతుంది. ఇదంతా నిదానంగా జరిగే పని. గుల్ల బరువుకు సరిపడా తేలిక తెచ్చుకోవడానికే తప్ప, అప్పటికప్పుడు మునిగి తేలడానికి కాదు. కదలాలంటే గరాటా లాంటి మరో గొట్టంలోంచి నీటిని చిమ్ముతూ వెనక్కి ఈదుతుంది. ఎనిమిది వందల మీటర్ల లోతు దాటితే మాత్రం నీటి ఒత్తిడికి గుల్ల పగిలిపోతుందట. అది విన్నాక గుల్లను ఇంకా జాగ్రత్తగా పట్టుకున్నాను.

పేరు కథ ఇంకా బాగుంది. గ్రీకులో నాటిలస్ అంటే నావికుడు. అరిస్టాటిల్ ఆ పేరుతో వర్ణించినది ఆర్గోనాట్ అనే మరో ప్రాణిని. అది రెండు చేతులు తెరచాపలా ఎత్తి అలల మీద సాగుతుందని అప్పటివాళ్లు నమ్మారు. అది నిజం కాదు. తర్వాత ఆ పేరు దీనికీ వచ్చింది. కానీ చూడు, 1800లో రాబర్ట్ ఫుల్టన్ అనే అమెరికా ఇంజనీరు ఫ్రాన్సులో కట్టిన జలాంతర్గామికి ఆ పేరే పెట్టాడు, పైకి తేలినప్పుడు నడవడానికి దానికి నిజంగానే తెరచాప ఉండేది! 1954లో అమెరికా నీట దించిన తొలి అణు జలాంతర్గామికీ అదే పేరు. 1958 ఆగస్టు 3న అది మంచు కిందుగా ఉత్తర ధ్రువం దాటింది. నీలాంటి జలాంతర్గామి నావికుల వృత్తికి ఇంతకన్నా తగిన పేరు నాకు తోచదు.

మీ నాయనమ్మ పూజలోని సాలగ్రామం కూడా ఈ వంశానిదే తెలుసా? గండకీ నది రాళ్లలోని ఆ చక్రాలు అమ్మోనైట్లనే పూర్వకాలపు గుల్ల ప్రాణుల శిలాజాలు. హిమాలయాలున్న చోట సముద్రం ఉన్న నాటివి. రాక్షసబల్లులు పోయిన ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ల కిందటి ప్రళయంలోనే అమ్మోనైట్లూ పోయాయి. నాటిలస్‌లు మిగిలాయి! అలాంటి ప్రాణిని గుల్ల కోసం మనుషులు పడుతున్నారంటే ఒళ్లు మండింది. పెద్దదవడానికే పదేళ్లకు పైగా పడుతుంది, గుడ్డు పొదగడానికి ఏడాది. 2016లో అంతర్జాతీయ వ్యాపారానికి కట్టడి పెట్టారు, మంచి పని. మాస్టారిది ఆయన చదువుకున్న రోజుల నాటి గుల్ల.

అసలు దాని కన్ను గురించి చెప్పనేలేదు! కటకమే లేదు, సూదిబెజ్జం లాంటి రంధ్రం, సముద్రపు నీరు నేరుగా లోపలికి వెళ్తుంది. మరి ఆ చీకట్లో తిండి ఎలా వెతుక్కుంటుందంటే, వాసన... ఆగు, ఆటో వచ్చేసింది, అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మిగతాది మళ్లీ రాస్తాను.

నీ
రఘు