నకలు తర్వాత ఇవ్వండి, ముందు పుస్తకం ఎక్కడుందో చెప్పించండి

ఒడిశాలో జనన మరణాల నమోదు వ్యవహారం చూస్తున్న మంత్రిగారికి, పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాల తరఫున నమస్కారాలు.

అయ్యా, పాత మరణ నమోదుల నకళ్ళ కోసం పైవాళ్ళకు ఇచ్చిన అర్జీలన్నీ తిరిగి తిరిగి మొదట కాదన్న బల్ల దగ్గరికే చేరుతున్నాయి. 'సంబంధిత రిజిస్ట్రారును కలవండి' అన్న ఒక్క వాక్యమే జవాబు. ఆ రిజిస్ట్రారు మీదే కదా అర్జీ పెట్టింది! అందుకే ఈ బహిరంగ లేఖ.

పాత మరణం నకలు కావాలని వెళ్ళినవాళ్ళను గుమాస్తా అడిగే మొదటి ప్రశ్న రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని. రెండోది, ఏ తేదీన నమోదైంది అని. ఆ రెండూ తెలిసినవాళ్ళకు వెతికించుకునే అవసరమే ఉండదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, రుసుము కట్టి అడిగితే రిజిస్ట్రారే వెతికించాలి. రుసుము కూడా వెతికే ఏడాదుల లెక్కన కట్టించుకుంటారు. అంటే తేదీ సరిగా తెలియనివాళ్ళు వస్తారని నియమాలు రాసినవాళ్ళకు ముందే తెలుసు. అయిదేళ్ళకు రుసుము కట్టినవాళ్ళకు ఒక్క ఏడాది పుస్తకం తిరగేసి 'దొరకలేదు' అని ఫారం 10 చేతిలో పెడుతున్నారు. ఏ ఏ ఏడాదులు, ఏ ఊరి పరిధిలో వెతికారో రాయడానికి ఆ ఫారంలోనే చోటుంది. అది ఖాళీగా ఉంటుంది, లేదంటే అర్జీదారు చెప్పిన ఏడాదే మళ్ళీ రాసి ఉంటుంది. బంధువు కాదనో, రహస్యమనో నకలు నిరాకరించడం మరొకటి. చట్టం ఎవరు అడిగినా ఇవ్వమంటోంది. దాచమన్నది మరణ కారణం ఒక్కటే.

ఎందుకు దొరకదో మాకు తెలుసు, చెబుతాం వినండి.

చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, సొంత ఊళ్ళో కాదు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాటితే ఆంధ్ర. రోగం ముదిరితే శ్రీకాకుళం, ఇంకా ముదిరితే విశాఖపట్నం తీసుకెళ్తారు. అక్కడ పోతే లెక్క అక్కడి పుస్తకంలో ఉంటుంది. దహనం ఇక్కడ జరుగుతుంది, దినవారాలు ఇక్కడే జరుగుతాయి, కనక ఇంటివాళ్ళు ఇక్కడి ఆఫీసు చుట్టూ తిరుగుతారు. దారిలో, బండిలోనే ప్రాణం పోతే చిక్కు మరీ పెద్దది. బండి మొదట ఆగిన చోట, బండి నడిపే మనిషి తెలియజేయాలని నియమం. ఎన్ని అంబులెన్సులు ఆ పని చేస్తున్నాయి? ఆసుపత్రి వాకిట్లో చూసి 'తీసుకెళ్ళిపోండి' అంటే ఆ పేరు అక్కడి రిజిస్టరుకెక్కదు. ఇక్కడివాళ్ళు అక్కడికి పొమ్మంటారు, అక్కడివాళ్ళు మేం చేర్చుకోలేదంటారు. రెండు రాష్ట్రాల మధ్య ఆ మనిషి చావుకు చోటు లేకుండా పోతుంది.

ఇక పేర్లు. ఈ ఒక్క సంగతి తెలిసిన గుమాస్తా ఉంటే సగం అర్జీలు తగ్గిపోతాయి. ఒడియాలో మన వకారం బకారంగా పలుకుతుంది, పదం మొదట్లో వచ్చే యకారం జకారమవుతుంది, ఎకార ఏకారాలకు ఒకటే అక్షరం. వెంకమ్మ బెంకమ్మ అవుతుంది. యర్రయ్య జర్రయ్య అవుతాడు. దాన్ని చూసి ఇంగ్లీషులో ఎక్కించేవాళ్ళు వినబడినట్టే ఎక్కిస్తారు. మనవడు ఆధార్ కార్డులో ఉన్నట్టు 'యర్రయ్య' అని అడిగితే కంప్యూటరు లేడంటుంది. ఆయన అదే ఏడాదిలో జకారం కింద పడి ఉంటాడు. పైగా మనం ఇంటిపేరు ముందూ అసలు పేరు వెనకా రాస్తాం. చివరి మాటే ఇంటిపేరనుకుని ఎక్కించడంతో 'రావు', 'అమ్మ' ఇంటిపేర్లయి కూర్చున్నాయి. ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. పాత పుస్తకాల్లో ఫలానా వారి భార్య అని మాత్రమే ఉండి, పేరే లేని వరుసలు ఎన్నో. అలాంటప్పుడు పేరుతో కాదు, ఊరు, ఏడాది, భర్త పేరు పట్టుకుని ఒక్కో వరుసా కంటితో చదవాలి. వెతకడం అంటే అది.

అన్నిటికంటే బాధ కలిగించేది మూడోది. పుస్తకం ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోవడం. 1936 ఏప్రిల్ 1కి ముందు గంజాం మద్రాసు రాజధానిలోది. 1899 నాటి మద్రాసు చట్టం కింద రాసిన లెక్కలు కరణాల గొలుసుకట్టు తెలుగులో ఉన్నాయి. ఆ తర్వాతివి ఉమ్మడి గంజాంవి. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా విడిపోయింది, అదే రోజున కొరాపుట్ నుంచి రాయగడ విడిపోయింది. జిల్లాలు విడిపోయినప్పుడు ఏ ఊరి పుస్తకం ఏ బీరువాకు వెళ్ళిందన్న జాబితా ఏది? నియమాల ప్రకారం మరణాల రిజిస్టరు శాశ్వత రికార్డు, నాశనం చేయకూడదు. ఏడాది ముగిశాక 12 నెలలు రిజిస్ట్రారు దగ్గర ఉంచుకుని, ఆపైన భద్రపరిచే అధికారికి అప్పగించాలి. అప్పగించినప్పుడు రాసుకున్న రసీదు ఉంటుంది కదా, అది చూపించమంటే చూపించేవాళ్ళు లేరు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫానులు వచ్చిపోయాయి. ఏ పుస్తకాలు తడిశాయో, ఏవి మిగిలాయో ఒక్క కాగితమైనా గోడకు అంటించలేదు. తడిసి పోయిందంటే పోయిందని చెప్పండి, మేం వేరే ఆధారం వెతుక్కుంటాం. ఉందో పోయిందో తెలియకుండా 'నమోదు కాలేదు' అని సంతకం పెట్టకండి. నమోదు కాకపోవడం వేరు, పుస్తకం కనబడకపోవడం వేరు.

ఈ తేడా ఎంత నష్టం చేస్తోందో మీ దృష్టికి వచ్చిందో లేదో. 'నమోదు కాలేదు' అని ఫారం 10 వస్తే మిగిలేది ఆలస్యపు నమోదు ఒక్కటే. ఏడాది దాటిన మరణానికి, 2023 అక్టోబరు 1 నుంచి జిల్లా మేజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ ఉత్తర్వు ఇస్తే చాలు. అయినా ఇప్పటికీ కోర్టుకు పొమ్మని పంపేవాళ్ళున్నారు. సరే, ఎలాగో ఉత్తర్వు తెచ్చుకుని, ఊరి పెద్దలు గుర్తున్నంత మేరకు చెప్పిన తేదీతో కొత్తగా నమోదు చేయిస్తారు. నాలుగేళ్ళ తర్వాత దాయాదుల తగాదాలో అవతలి వకీలు పాత పుస్తకంలోంచి అసలు నమోదు బయటికి తీస్తాడు. ఒకే మనిషికి రెండు మరణాలు, రెండు తేదీలు! అప్పుడు కొత్తదాన్ని 15వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవాలి, ఈలోగా తప్పుడు సర్టిఫికెట్ పుట్టించారన్న నింద మోయాలి. తప్పు వెతకనివాళ్ళది, శిక్ష వెతికించుకున్నవాళ్ళకు.

తేదీ చిన్న విషయం కాదు స్వామీ. తాత 1956 జూన్ 17కి ముందు పోయాడా, తర్వాత పోయాడా అన్నదాని మీద ఆయన కూతుళ్ళ వాటా నిలబడుతుంది. ముందైతే పాత ధర్మశాస్త్రం, 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టం. తర్వాతైతే హిందూ వారసత్వ చట్టం. పట్టా ఇంకా తాత పేరునే ఉన్న ఇళ్ళు మా వైపు కొల్లలు. వారసుల సర్టిఫికెట్ కోసం తహసీల్దారు వంశవృక్షం అడుగుతారు. అందులో పోయినవాళ్ళు ఎందరుంటే అన్ని మరణ సర్టిఫికెట్లు కావాలి. నలుగురిలో ఒకరిది దొరక్కపోతే మిగిలిన మూడూ పెట్టెలోనే ఉండిపోతాయి, మ్యుటేషన్, అంటే పట్టాలో పేరు మార్పిడి, ఆగిపోతుంది. ఆస్తి ఊసే లేనివాళ్ళూ అడుగుతున్నారు. తద్దినం పెట్టడానికి తిథి కావాలి. తేదీ దొరికితే పాత పంచాంగం చూసి తిథి కట్టుకోవచ్చు. ఆ తేదీ మీ బీరువాలో ఉంది.

ఇంకో మాట. హరిశ్చంద్ర పథకం కింద దహనానికి డబ్బిచ్చిన పంచాయతీ పుస్తకంలో పేరుంటుంది. ఓటర్ల జాబితాలోంచి పేరు తీసేయమని ఇచ్చిన ఫారం 7 ఉంటుంది. రేషన్ కార్డులో పేరు కొట్టేసిన తేదీ ఉంటుంది. క్రైస్తవ కుటుంబాలకైతే చర్చి సమాధుల రిజిస్టరు ఉంటుంది. చావును ప్రభుత్వం ఇన్ని చోట్ల ఒప్పుకుని, నమోదు బల్ల దగ్గర మాత్రం ఒప్పుకోకపోతే మేం ఎవరికి చెప్పుకోవాలి? ఆలస్యపు నమోదులో వీటిని ఆధారంగా తీసుకోమని రాతపూర్వకంగా చెప్పండి. నోటిమాటగా చెబితే ఒక ఆఫీసులో చెల్లింది పక్క ఆఫీసులో చెల్లదు.

మేం కొత్త పథకం అడగడం లేదు. ఏ ఊరివి, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ భాషలో, ఏ ఆఫీసు గదిలో ఉన్నాయో జాబితా రాయించి తలుపుకు అంటించండి. చిరిగినవీ, పోయినవీ కూడా అందులో రాయించండి. అడిగిన ఏడాదికి ముందు రెండేళ్ళూ వెనక రెండేళ్ళూ చూడకుండా, వకార బకారాలు రెండింటి కిందా చూడకుండా ఫారం 10 ఇవ్వొద్దని ఉత్తర్వు ఇవ్వండి. గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దలు ఇంకా కొందరున్నారు. వాళ్ళను రికార్డు రూములో కూర్చోబెట్టి పాత తెలుగు పుస్తకాలకు సూచిక రాయించండి. ఏళ్ళు గడిచేకొద్దీ వాళ్ళు దొరకరు. ఆంధ్రలో జరిగిన మరణమైతే ఫలానా ఆఫీసుకు వెళ్ళమని తిరస్కరించే కాగితం మీదే రాయించండి.

అన్నీ ఒక్కసారి కాకపోతే ముందు ఆ జాబితా అయినా. మళ్ళీ తుఫానుల కాలం రాకముందే, దయచేసి, ఆ జాబితా రాయించండి.

ఇట్లు,
సరిహద్దు జిల్లాల తెలుగు అర్జీదారులు