ఇస్తాంబుల్‌లో అమ్మ తిన్న తీపి

జడ్చర్ల,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "మా అమ్మను సింగపూర్ తీసుకుపోవాలని ఉందిరా, కానీ అక్కడ ఆమె ఏం తింటది, పస్తుంటదేమో" అన్నావు కదా. నువ్వు బస్సులో ఉన్నావు, సిగ్నల్ పోయింది, నా జవాబు నీకు అందలేదు. చిన్నమ్మను తీసుకుపో. తిండి గురించి టెన్షన్ పెట్టుకోకు. ఇస్తాంబుల్‌లో మా అమ్మ ఏం తిన్నదో, ఎట్లా తిన్నదో మొత్తం రాస్తా, తీరుబడిగా కూర్చొని చదువు.

అక్క కాన్పుకని జర్మనీ బయల్దేరాం కదా. దారిలో కొన్ని రోజులు ఇస్తాంబుల్‌లో ఆగుదామంటే అమ్మ మొదట ఒప్పుకోలేదు. "బిడ్డ దగ్గరికి పోవాలె గానీ నడుమల గా ఊరెందుకురా?" అన్నది. చివరికి అక్కే నచ్చజెప్పింది. జర్మనీ వీసా ఉంది కాబట్టి టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే దొరికింది. సముద్రానికి ఆసియా వైపు కడిక్యోయ్ అనే పేటలో, ఒక పెద్దావిడ ఇంట్లో పై అంతస్తు గది తీసుకున్నాం. యూరప్ వైపుకు పోవాలంటే పడవ ఎక్కాలె. ఆ పడవలో గాజు గ్లాసులో ఇచ్చే చాయ్ అమ్మకు మొదటి రోజే నచ్చింది, పాలు లేకపోయినా.

భోజనానికి ఇబ్బంది పడలేదు. మసూర్ పప్పు సూప్, బ్రెడ్డు, అన్నం, పెరుగు ప్రతి హోటల్లో ఉంటాయి. మనం తీసుకుపోయిన మామిడికాయ తొక్కు ఎట్లాగూ ఉంది. నా భయమంతా వేరే. అమ్మకు షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పి ఉన్నాడు, ఊరేమో వీధి వీధినా మిఠాయి దుకాణాలతో నిండి ఉంది. అందుకే ముందే మాట్లాడుకున్నాం. రోజుకు ఒకటే తీపి, ఇద్దరికీ కలిపి ఒకటే ప్లేటు, ఆ పూట అన్నం ఉండదు, తిన్నాక నడక. ఆ ఊరంతా గుట్టలే కాబట్టి నడక దానంతట అదే అయిపోయేది. ఇంకోటి, శనివారం అమ్మ నీసు ముట్టదు, కురుమూర్తి స్వామి మొక్కు. తీపికీ నీసుకూ సంబంధం ఏందని అడుగుతావేమో, చెప్తా ఆగు.

మేం దిగింది శనివారం. పాల మిఠాయిలు అమ్మే దుకాణంలోకి పోయి, అద్దాల వెనక తెల్లగా కనిపించినదాన్ని చూపించి ఇమ్మన్నాను. అమ్మ నా చేయి పట్టుకొని ఆపింది. "ముందు అందుల ఏమేసిండ్రో అడుగు." ఫోన్‌లో అనువాదం పెట్టి అడిగితే ఆ కుర్రాడు చెప్పాడు: పాలు, చక్కెర, బియ్యప్పిండి, కోడి రొమ్ము మాంసం. నిజం రా! తవుక్ గోసు అంటారు దాన్ని, ఒట్టోమన్ సుల్తానుల కాలం నుంచి ఉన్న వంటకం. దాన్నే అడుగున మాడేదాకా కాల్చి మడిచిపెడితే కజాన్‌దిబి అవుతుంది, పాత పద్ధతిలో దాంట్లోనూ కోడి ఉంటుంది. అమ్మ అడగకపోతే శనివారం మొక్కు తప్పేది. ఆ రోజు సుత్లాచ్ తిన్నాం. అంటే పాయసాన్ని మట్టి గిన్నెలో పోసి, పైన మచ్చలు పడేదాకా ఓవెన్‌లో కాలుస్తారు. అమ్మ పైపొరను చెంచాతో మెల్లగా ఎత్తి ముందు దాన్నే తిన్నది. "పాలు మంచిగ కాగినయి, యాలకులేస్తే ఈ కమ్మదనం పోతుండె," అన్నది. మన పరమాన్నంలో యాలకులు లేకపోతే ఊరుకోని మనిషి ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను.

ఆదివారం పొద్దున తానే "పా, ఆ కోడి పాయసం తిందాం" అని బయల్దేరదీసింది. ఒక్కో చెంచా నోట్లో పెట్టుకొని నాలుకతో మాంసం పోగు కోసం వెతికింది. మాంసాన్ని ఉడికించి, దారప్పోగుల్లా విడదీసి, వాసన పోయేదాకా మళ్లీ మళ్లీ కడుగుతారట. జిగురు సాగుతుంది గానీ కోడి అని చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నాటుకోడి పులుసు వండడంలో మా వాడకట్టులో అమ్మకు సాటి లేదు, నీకు తెలుసు. ప్లేటు ఖాళీ చేశాక తేల్చి చెప్పింది: "చేసినోని చేయి గొప్పది. అయినా కోడిని కారం పెట్టే వండాలె." నా ఓటూ దానికే.

బక్లవా గురించి ఎక్కువ రాయను, హైదరాబాద్‌లో నువ్వూ తిన్నావు. కానీ అక్కడిది వేరు. పిస్తాల ఊరైన గాజియాంతెప్ పద్ధతిలో చేసేదానికి యూరోపియన్ యూనియన్ 2013లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. అద్దం వెనక ఒకాయన సన్నటి కర్రతో పిండి ఒత్తుతుంటే, పొరలోంచి వెనకాల బల్ల కనిపిస్తోంది. పొరకూ పొరకూ నడుమ పిండి అంటుకోకుండా గంజిపొడి చల్లుతున్నాడు. అమ్మ అక్కడి నుంచి కదల్లేదు. బచ్చాలు ఆకు మీద ఎంత పలుచగా తడుతుందో గుర్తుంది కదా నీకు! అట్లాంటి మనిషికి ఇంకొకరి చేతివాటం చూడడం ఎంత ఇష్టమో నాకు ఆ రోజు అర్థమైంది. పిస్తా అంత పచ్చగా ఎట్లా ఉందని అడిగించింది. పూర్తిగా పండకముందే కోస్తారట, రంగుకూ ఘాటుకూ. మన బాదేపల్లి మార్కెట్‌లో పల్లీలను గుప్పిట్లో పట్టి చూసినట్టే చూసింది ఆ పిస్తాలను. తినేటప్పుడు ముక్కను తిరగేసి అడుగుభాగం అంగిలికి తగిలేట్టు పెట్టుకోవాలని ఆయన చూపించాడు. అట్లా తింటే ముందు నెయ్యి తెలుస్తుంది, తర్వాత పాకం. ఔను, వెన్న కాచిన నెయ్యే వాడతారు.

మరునాడు తోప్‌కాపి ప్యాలెస్ చూశాం. పాత వంటశాలల్లో తీపి వంటలకే ప్రత్యేకంగా ఒక విభాగం ఉండేది. రంజాన్ నెల 15వ రోజున సుల్తాన్ తన జానిసరీ సైనికులకు, పదిమందికి ఒక పళ్లెం లెక్కన, బక్లవా పంపేవాడని చెప్తే అమ్మకు నగల గది మీద ధ్యాసే లేకుండా పోయింది. "గంతమందికి నెయ్యి యాడికెళ్లి తెచ్చిండ్రో!" అనుకుంటూనే నడిచింది.

కునెఫె మాత్రం నన్ను కదిలించింది. సేమ్యా కంటే సన్నటి పోగుల నడుమ ఉప్పులేని జున్ను పెట్టి, రాగి పళ్లెంలో రెండు వైపులా కాల్చి, పాకం పోసి వేడివేడిగా ఇస్తారు. సిరియా సరిహద్దు దగ్గర హతాయ్ అనే ప్రాంతం దానికి పేరు. మేం తిన్న చిన్న దుకాణం ఆయనది కూడా అంతాక్యా, ఆ హతాయ్‌లోనిదే. 2023 ఫిబ్రవరి 6 భూకంపంలో ఊరు కూలిపోతే ఇస్తాంబుల్ వచ్చి ఈ పొయ్యి పెట్టుకున్నాడట. ఫోన్ తెర మీద తెలుగులో అది చదివి అమ్మ చెంచా కింద పెట్టింది. "పొట్ట చేత పట్టుకొని వచ్చిండు పాపం," అన్నది. పాలమూరు మనిషికి వలస అంటే వివరించాల్సిన పనిలేదు. మా తాతలు బొంబాయిలో మట్టి మోసిన సంగతి నా చేత ఆయనకు చెప్పించింది. ఆయన ఇంకో చాయ్ తెచ్చి పెట్టి డబ్బులు తీసుకోలేదు. ఎంత చెప్పినా వినలేదు.

ఐస్‌క్రీమ్ సంగతి కూడా చెప్పాలి. అక్కడిది సాగుతుంది, కొన్ని చోట్ల చాకుతో కోసి తింటారు. అడవి ఆర్కిడ్ గడ్డల పొడి, సాలెప్ అంటారు, అది వేస్తారు. ఆ గడ్డల కోసం మొక్కలను తవ్వీ తవ్వీ అడవిలో అరుదైపోయాయి కాబట్టి దాని ఎగుమతిని ఆ దేశం నిషేధించింది. అమ్మ ఒక్కసారి నాకి, "దీంట్ల ఊదు వాసనొస్తున్నదిరా," అన్నది. నాకేం తెలియలేదు, పాల వాసనే వచ్చింది. తర్వాత దుకాణం వాడు చెప్పాడు, మాస్టిక్ అనే చెట్టు జిగురు కలుపుతారట. అదీ పిస్తా జాతి చెట్టేనట. పీర్ల దగ్గర ఊదు పొగ పీల్చి పెరిగిన ముక్కు అది, ఎక్కడ పోతుంది!

పీర్లంటే గుర్తొచ్చింది, అసలు చెప్పాలనుకున్నది ఇదే. మేం వెళ్లింది మొహర్రం నెలలో. కాన్పు తేదీని బట్టి టికెట్లు తీసుకున్నాం కాబట్టి ఈసారి అమ్మకు ఊళ్లో పీర్ల పండుగ దక్కలేదు. విమానంలో కూడా "చావిడి కాడ దట్టీలు కట్టిండ్రో లేదో, మలీద ఎవరు చేసిండ్రో" అని బాధపడుతూ ఉంది. ఒక సాయంత్రం మా ఇంటి పెద్దావిడ తలుపు కొట్టి, పెద్ద గిన్నె అమ్మ చేతిలో పెట్టింది. పైన దానిమ్మ గింజలు, అక్రోట్లు, దాల్చినచెక్క పొడి. ఆషురే. మొహర్రం పదో రోజున, ఆ నెల పొడుగునా కూడా, కడవలకొద్దీ వండి చుట్టుపక్కల ఇళ్లన్నింటికీ పంచుతారట. నూహ్ ప్రవక్త ఓడ నేలకు ఆనినప్పుడు మిగిలిన గింజలన్నీ కలిపి వండుకున్నారని, అదే ఈ వంట అని వాళ్ల కథ. పొట్టు తీసిన గోధుమలు, శనగలు, తెల్ల చిక్కుడు గింజలు, ఎండు ఖుబానీలు, అంజీర్లు, కిస్‌మిస్‌లు. పాలు లేవు, నెయ్యి లేదు. గోధుమలే ఉడికి ఉడికి చిక్కబడతాయి.

అమ్మ ముందు గిన్నెను కళ్లకద్దుకుంది. ఆ తర్వాతే తిన్నది. తీపిలో చిక్కుడు గింజలు నాకు కొత్తగా అనిపించాయి గానీ ఆమెకు కాదు. "పూర్ణంల శనగపప్పు ఏస్తలేమా, గిదీ గట్లనే," అన్నది. నాకు ఆ ఊళ్లో తిన్న వాటన్నింటిలోకీ అదే బాగా నచ్చింది, బక్లవా కంటే కూడా. తీపి తక్కువ, నమిలేది ఎక్కువ.

గిన్నె కడిగి ఉత్తదే ఇస్తామా మరి? అక్క కోసం కట్టిన సంచి విప్పింది. పాలు, నెయ్యితో చేసినవి యూరప్‌లోకి రానివ్వరని పల్లీ ముద్దలు, నూనెలో కాల్చిన అరిసెలు మాత్రమే చేసుకొచ్చింది. గిన్నె నిండా పెట్టి కిందికి తీసుకుపోయింది. నేను ఫోన్ పట్టుకొని వెనకాల పోయాను గానీ నా అవసరం పెద్దగా పడలేదు. ఆవిడ అరిసెను విరిచి వాసన చూసి, బియ్యప్పిండా అని చేత్తో సైగ చేసింది. అమ్మ తల ఊపి, పిండి తడిగా ఉండాలని తన చేత్తో చూపించింది. ఇద్దరూ వంటింట్లోకి పోయారు. రవ్వ వేయిస్తున్న వాసన వచ్చింది. అది హెల్వా అట, మన శిరా లాంటిదే. ఇంట్లో ఎవరన్నా పోయినప్పుడు వండి, పోయినవాళ్ల పేరున పంచుతారట. ఆ రోజు తన పెనిమిటి పోయిన రోజని ఆవిడ ఫోన్‌లో టైప్ చేసింది. అమ్మ నాన్న గురించి చెప్పింది, దినం నాడు ఆయనకు ఇష్టమని బచ్చాలు చేసిన సంగతితో సహా. తర్వాత గరిటె తీసుకొని తానే కలిపింది.

చూడు శీనూ, పాస్‌పోర్ట్ క్యూలో, విమానంలో, మెట్రోలో అమ్మ నా చేయి పట్టుకొని నడిచింది. తీపి దగ్గరికొచ్చేసరికి నేనే ఆమె వెనక నడిచాను. నేను ముప్పై ఏళ్లు ఆమె చేతివంట తిన్నాను కానీ, ఆమె నాలుక ఎంత చదువుకున్నదో నాకు తెలియలేదు. చిన్నమ్మ ఏం తింటదని నువ్వు అనుకుంటున్నావు. నీకు, నాకు తెలియనివి ఆమె కనిపెట్టి తింటది. సింగపూర్‌లో కొబ్బరిపాలు, తాటిబెల్లం లాంటి బెల్లం వేసిన చెందోల్ అనే తీపి దొరుకుతుంది, ముందు అది ఇప్పించి ఆమె ఏమంటదో నాకు చెప్పు. ఐస్ కొంచెమే వేయించు, గొంతు పట్టుకుంటది.

ఇక్కడికొచ్చాక అమ్మ ఆషురే వండుతానని పట్టుబట్టింది, అక్రోట్లకు బదులు మన పల్లీలతో. దానికి పొట్టు తీసిన గోధుమలు కావాలి. మిక్సీలో వేస్తే నూక అవుతుంది. మీ ఇంట్లో రోలు ఉంది కదా, చిన్నమ్మకు చెప్పి రెండు కిలోలు దంచి పెట్టించు. వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. ఆమె ఆధార్ కార్డు తెచ్చుకో, పాస్‌పోర్ట్ ఫారం ఇక్కడే నింపుదాం.

నీ,
రమేష్