నొప్పులు రప్పించే ముందు అడగాల్సినవి

సంపాదకులకు,

వైద్య కారణమేదీ లేకుండా తేదీ పెట్టుకుని మందులతో కాన్పు నొప్పులు రప్పించడం ప్రమాదమా కాదా అన్న చర్చలో, అసలు ఆ తేదీని ఎలా లెక్కగట్టారని ఎవరూ అడగడం లేదు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌తో సరిచూసిన 39 వారాలను నమ్మొచ్చు. చివరి నెలల స్కాన్ ఒక్కటే ఆధారమైతే లెక్క మూడు వారాల దాకా తప్పొచ్చు. అప్పుడు 36 వారాల బిడ్డ పుట్టి ఊపిరి అందక అవస్థపడొచ్చు.

'నొప్పులు రప్పిస్తే చివరికి ఆపరేషనే' అనే మాటా పూర్తిగా నిజం కాదు. 2018లో వెలువడిన అమెరికా 'అరైవ్' అధ్యయనంలో 6,106 మంది ఆరోగ్యవంతులైన తొలి కాన్పు గర్భిణులున్నారు. 39వ వారంలో నొప్పులు రప్పించిన వారిలో సిజేరియన్లు 18.6 శాతం, వేచి చూసిన వారిలో 22.2 శాతం. అయితే వాళ్ల తేదీలు ముందే సరిచూసినవి. పైగా నొప్పులు అందుకునేదాకా వైద్యులు గంటల తరబడి ఓపిక పట్టారు. ఆ ఓపిక లేనిచోట ఈ అంకెలు చూపించి లాభం లేదు.

గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తగా ఉంది, ఏ దిశలో ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అన్నవి చూసి వేసేదే బిషప్ స్కోరు. అది 6 లేదా అంతకంటే తక్కువైతే ముందు ముఖద్వారాన్ని పండించాలి, అంటే మెత్తబరచాలి. చివర బుడగ ఉండే గొట్టం (బెలూన్ క్యాథెటర్)తో పండించొచ్చు, మందుతోనూ పండించొచ్చు.

మా భయమంతా అలా పండించి నొప్పులు రప్పించే మందు మిసోప్రోస్టాల్ మోతాదు గురించే. కావలసింది 25 మైక్రోగ్రాములు. చేతిలో ఉన్నది 200 మైక్రోగ్రాముల బిళ్ల. బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేస్తే ఒకటి పొడి అవుతుంది, ఇంకొకటి పెద్దదిగా మిగులుతుంది. మోతాదు మించితే గర్భసంచి పట్టు విడవకుండా బిగుస్తుంది, బిడ్డకు రక్తం అందదు, గుండె చప్పుడు పడిపోతుంది. 25 మైక్రోగ్రాముల బిళ్లలే వాడాలి. అవి లేకపోతే ఆసుపత్రిలోనే ఒక 200 మైక్రోగ్రాముల బిళ్లను 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, ప్రతిసారీ బాగా కదిపి, 25 మిల్లీలీటర్ల చొప్పున రెండు గంటలకోసారి తాగించొచ్చు. ఆఖరి మోతాదు తర్వాత కనీసం నాలుగు గంటలు గడవందే నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టకూడదు. పాత సిజేరియన్ కుట్టు ఉన్నవారికి నొప్పుల కోసం మిసోప్రోస్టాల్ అసలే ఇవ్వకూడదు, ఆ కుట్టు దగ్గర గర్భసంచి చిట్లొచ్చు.

పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులు వస్తుంటే డ్రిప్ తగ్గించాలి. బిడ్డ గుండె చప్పుడు కూడా తేడాగా ఉంటే వెంటనే ఆపేయాలి. కాబట్టి నొప్పుల తేదీ ఖాయం చేసుకునేవారు ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ రాత్రి పక్కనే ఉండి నొప్పులు లెక్కపెట్టేదెవరు?

ఇట్లు,
ప్రసూతి వార్డుల్లో పనిచేసే కొందరు వైద్యులు, నర్సులు